మా ఇంటి బొమ్మల కొలువు నిలబెట్టిన వాళ్ళందరికీ

నిన్న ముక్కనుమ. రాత్రి హారతిచ్చాక పై మెట్టు మీది ఎర్రచందనం జంటని, అదే మరపాచి బొమ్మల్ని, మెల్లిగా పడుకోబెట్టాం. అంటే కొలువు అయిపోయినట్టు. మా అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ పని ఆవిడదే. ఆవిడ పోయాక నాకొచ్చింది. ఏటా అర నిమిషంలో అయిపోయే పని, నిన్న మాత్రం ఆ బొమ్మల్ని చేతిలోంచి దించబుద్ధి కాలేదు. మూడు నెలల కిందట ఇవే బొమ్మలు మా వెనక వరండాలో పాత పేపర్ల మీద నీళ్ళోడుతూ పడున్నాయి.

ఎవరెవరికి ఎంత బాకీ ఉన్నానో చెప్పుకుందామని రాస్తున్నాను. కాస్త పొడుగవుద్ది, ఓపిక పట్టండి.

తెలియనివాళ్ళ కోసం: శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి కొంచెం అవతల నాకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. పగలంతా రాగి తీగ చుట్టడం, రాత్రి బొమ్మల దుమ్ము తుడవడం. మా ఆవిడ మాటల్లో చెప్పాలంటే, "పొద్దల్లా మోటార్లు, రాత్రల్లా బొమ్మలు, మద్దెన మేం ఏటవుతాం?" షాపుకొచ్చే వాళ్ళలో సగం మందికి నా బొమ్మల సంగతి తెలీదు. చెప్పను కూడా. మీసాలు నెరిసిన మగాడు బొమ్మలు పోగేస్తున్నాడంటే మన దగ్గర ఎలా చూస్తారో తెలిసిందే కదా. మా చిన్నాన్న అయితే ఇప్పటికీ, "ఆడగుంటలు ఆడుకునేవి నీకెందుకురా?" అంటాడు.

అమ్మ ఇచ్చినవి అరవై మూడు. కొలువు పెట్టే ఇంట్లో ఏటా ఒక్క కొత్త బొమ్మయినా చేరాలంటారు. ఆ మాట పట్టుకుని నేను చేర్చుకుంటూ పోతే లెక్క పుస్తకంలో 312 అయ్యాయి. కొండపల్లివి, ఏటికొప్పాకవి, నిర్మల్‌వి, తల ఊపే తంజావూరు బొమ్మలు, పన్రుట్టి మట్టి బొమ్మలు. సంక్రాంతికి తొమ్మిది మెట్లు కడతాం. మిగతా ఏడాదంతా అటక మీద రేకు పెట్టెల్లో ఉంటాయి.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన జిల్లా మీద పడ్డ రాత్రి తెల్లవార్లూ నిచ్చెన మీద కూర్చుని ఆ అటకకి కాపలా కాశాను. ఒక్క చుక్క దిగలేదు. మొన్న దసరా వెళ్ళాక పట్టిన ముసురు పేరు కూడా లేని వాన. దానికి లొంగిపోయాం. వేసవిలో మేడ మీద పని చేసిన మేస్త్రి నీళ్ళ గొట్టం మూతిని సిమెంటుతో సగం పూడ్చేసి పోయాడు. మేం చూసుకోలేదు. పలాసలో అత్తారింటికి వెళ్ళి నాలుగు రోజులకి తిరిగొచ్చేసరికి అటక గోడ ఒక పక్కంతా నల్లగా ఊరి ఉంది. కింది పెట్టెలు తెరిస్తే లోపల బెత్తెడు నీళ్ళు. 137 తడిశాయి.

రాత్రి పదకొండయింది. నేనేం చేశానో చెప్తే నవ్వుతారు. ఏటికొప్పాక బొమ్మల మీద తెల్లటి పొర కనిపించేసరికి బూజు అనుకుని, కరోనా నాటి శానిటైజర్ సీసా, గుడ్డ పట్టుకుని కూర్చున్నాను. తుడవబోయే ముందు ఎందుకో ఒక ఫొటో తీసి మన బొమ్మలోళ్ళ గుంపులో పెట్టి, "మొత్తం పోయాయి" అని రాశాను. రెండు నిమిషాల్లో ఫోను మోగింది. అవతల గొంతు నేనెప్పుడూ విన్నది కాదు.

"ఆ సీసా కింద పెట్టండి ముందు. స్పిరిట్ తగిలితే లక్క కరిగిపోద్ది. అది బూజు కాదు, తేమకి లక్క తెల్లబడింది. పొడి గుడ్డతో అద్ది వదిలేయండి."

ఆ గొంతు బార్బీ పాపది.

ఇక్కడ మన గుంపు సంగతి కొంచెం చెప్పాలి. మనలో చాలామందికి ఒకరి అసలు పేరు ఇంకొకరికి తెలీదు. బొమ్మల్ని బట్టే పేర్లు. తంజావూరు అమ్మగారు, నిర్మల్ మాస్టారు, లక్కపిడతల అక్క, నేనేమో మోటారు బావ. బొమ్మ ఫొటో పెడితే ముందు, వెనక, అడుగు, మూడూ ఉండాలి. సైజు తెలియడానికి పక్కన అగ్గిపెట్టె. మార్పిడి, అమ్మకం ఆదివారం ఒక్క పూటే. పగులుంటే పగులుందనీ, రంగు మళ్ళీ వేసింది అయితే వేశామనీ ముందే చెప్పాలి, దాచినవాడితో ఇంకెవరూ బేరం ఆడరు. ఈ పద్ధతులు ఎవరో కూర్చుని రాసినవి కావు. ఒకసారి ఒకాయన అతికించిన ఏనుగు అంబారీని కొత్తదని అంటగట్టాడు, అక్కణ్ణుంచి పుట్టాయి. అడుగు భాగం ఫొటో చూసి ఆ బొమ్మ ఏ ఊరిదో చెప్పేసే వాళ్ళు మనలో నలుగురైనా ఉన్నారు. ఏళ్ళ తరబడి అలా ఒకరి బొమ్మల అడుగులు ఒకరం చూసుకున్నాక, మొహం చూడకపోయినా నమ్మకం దానంతటదే కుదిరిపోయింది.

తగువులు లేవా అంటే, ఉన్నాయి. జూన్‌లో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. బార్బీ పాప తన కొలువు ఫొటో పెట్టింది. మూడో మెట్టు మీద చీర కట్టిన బార్బీలు. నేను ఉండబట్టలేక, "1959లో అమెరికాలో పుట్టిన ప్లాస్టిక్ పిల్లకి మా అమ్మ దశావతారాల పక్కన చోటేటి?" అని రాశాను. ఇంకా ఏదేదో రాశాను. ఆ అమ్మాయి ఒక్కటే జవాబిచ్చింది, "మా అమ్మ కొనిచ్చిన బొమ్మండీ అది." అయినా నేను ఊరుకోలేదు. ఆ పోస్టు కింద నా రాతలు ఇవాళ తీసేశాను. తీసేసినంత మాత్రాన పోవు కాబట్టి అందరి ముందూ చెప్తున్నాను: తప్పు నాది, క్షమించమ్మా.

ఎందుకంటే మర్నాడు మొదట వచ్చింది ఆ అమ్మాయే. విజయనగరంలో బ్యాంకు ఉద్యోగం. సెలవు పెట్టి, వానలో బస్సెక్కి, సంచీ నిండా బ్రష్షులు, దూది, పాత కాటన్ చీర ముక్కలు, ఖాళీ కవర్లు వేసుకుని పదింటికల్లా గుమ్మంలో నిలబడింది. నన్ను చూసి, "మీరేనా మోటారు బావ? ఇంకా పెద్దవారనుకున్నాను" అంది. జూన్ మాట ఎత్తలేదు. నాకే సిగ్గేసి నీళ్ళు నమిలాను.

ఆ రోజు నేను నేర్చుకున్నది రాసి పెడతాను, రేపు ఎవరి అటకైనా కారొచ్చు. తడిసిన బొమ్మని ఎండలో పెట్టకూడదు. కర్ర ఒక పక్క ముందు ఎండి పగులుద్ది, రంగు రేకులుగా లేచిపోద్ది. నీడలో, గాలాడేచోట, అడుగున రెండు పుల్లలు పెట్టి నిలపాలి. ఫ్యాను సూటిగా తగలకూడదు. కొండపల్లి బొమ్మని తల పట్టుకుని ఎత్తకూడదు. తెల్లపొణికి కర్రతో చేతులూ కాళ్ళూ వేరేగా చెక్కి, చింతగింజల జిగురులో రంపం పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు కదా, నీళ్ళు తాగితే ముందు జారేది ఆ అతుకే. అరచెయ్యి అడుగున పెట్టి ఎత్తాలి. రాలిన ప్రతి ముక్కా, గోరంతదైనా సరే, కవర్లో వేసి ఏ బొమ్మదో పైన రాయాలి. మట్టి బొమ్మల్ని మాత్రం పూర్తిగా ఆరేదాకా ముట్టుకోకూడదు.

ఈ ఆఖరి ముక్క ఆలస్యంగా తెలిసింది. పన్రుట్టి వినాయకుణ్ణి అప్పటికే తుడిచేశాను. తొండం గుడ్డతో పాటే వచ్చేసింది.

మధ్యాహ్నం నిర్మల్ మాస్టారు వచ్చారు. ఆమదాలవలస స్టేషన్లో దిగి, ఆటోలో, డెబ్బై రెండేళ్ళ వయసులో. ఆయన పని చెయ్యలేదు, చెయ్యనక్కర్లేదు కూడా. కుర్చీలో కూర్చుని నా లెక్క పుస్తకం ముందేసుకుని ఒక్కో బొమ్మకీ ఎదురుగా "బాగుంది", "బాగవుద్ది", "బాగవదు" అని రాసుకుంటూ పోయారు. "బాగవదు" అని ఆయన రాసినవి తొమ్మిది. అన్నీ పోయాయన్న చోట పోయినవి తొమ్మిదే అని తేలింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టిందంటే ఆయన చలవే.

మా అమ్మాయి చిన్నప్పటి ప్లాస్టిక్ బొమ్మలు కూడా ఆ పెట్టెలో ఉన్నాయి. నేను లెక్కలో రాసుకోనివి. బార్బీ పాప వాటిని అడగకుండానే ముందేసుకుంది. పాత వినైల్ బొమ్మలు ఎందుకు జిడ్డోడతాయో, చెవి పోగుల లోహం నుంచి చెంప మీదకి పచ్చ మరక ఎలా పాకుద్దో చెప్తూ, సబ్బు నీళ్ళతో కడిగి, జుట్టు చిక్కు తీసి జడలేసింది. మా అమ్మాయి హైదరాబాదు నుంచి వీడియో కాల్‌లో చూస్తూ ఏడ్చింది. ఇంటర్ చదువుతున్న పిల్ల, చేతికందని బొమ్మ కోసం ఏడవడం! ఆ బొమ్మలు దానికింత ముఖ్యమని నాకు తెలియనే తెలీదు.

ఏటికొప్పాక వెళ్ళమని సలహా ఇచ్చింది లక్కపిడతల అక్క. ఊరు విశాఖకి అవతల, అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉంది. లక్క లేచిపోయిన బొమ్మలు ఇరవై రెండు మూట కట్టుకుని వెళ్ళాను. అక్క ముందే ఫోన్ చేసి చెప్పిన పనివాడి దగ్గర కూర్చున్నాను. అన్నేళ్ళుగా ఆ బొమ్మలు కొంటున్నానే గానీ లక్క ఎక్కించడం అంత దగ్గర్నుంచి ఎప్పుడూ చూడలేదు. పొయ్యి లేదు, రంగు డబ్బా లేదు. అంకుడు కర్ర బొమ్మని లేత్‌కి బిగించి తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనించాడు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి, పెళ్ళికూతురికి పసుపు రాసినట్టు కర్ర చుట్టూ పాకింది. పసుపు నుంచి పసుపు రంగు, నీలిమందు నుంచి నీలం, జాఫ్రా గింజల నుంచి ఎరుపు. ఆఖర్న మొగలి ఆకు మడిచి ఒక్కసారి ఒత్తి పట్టాడు. తియ్యగానే అద్దంలా అయింది. 2017లో ఈ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు గుంపులో మిఠాయి ఎమోజీలు పంచుకున్నాం. అదెందుకిచ్చారో ఆ మొగలి ఆకు చూశాకే తలకెక్కింది.

డబ్బు అడిగితే లక్క ఖర్చు వరకే తీసుకున్నాడు. కూలి వద్దన్నాడు. నాకు మనసొప్పలేదు. ఈలోగా చెవికి ఒకటి తగిలింది: లేత్ మోటారు సన్నగా కూస్తోంది. బేరింగు పోతోంది. ఇంకో పది రోజులు లాగితే వైండింగ్ కూడా కాలిపోద్ది. వారం తిరక్కుండా 6203 బేరింగులు జేబులో వేసుకుని మళ్ళీ వెళ్ళి మార్చి వచ్చాను. పక్కింటి లేతులు రెండు కూడా చూశాను. ఇప్పుడు ఆ వీధిలో మోటారు ఏం మూలిగినా నాకే ఫోను. ఆ బాకీ ఒక్కటే కాస్త తీర్చుకున్నట్టుంది.

ఇక విజయనగరం కలయిక. ఏటా డిసెంబరులో మనం కలుస్తామని తెలుసు గానీ నేనెప్పుడూ వెళ్ళలేదు. షాపు వదల్లేననేవాణ్ణి. నిజానికి ఎవరైనా చూస్తారని బెరుకు. ఈసారి వెళ్ళాను. మూడు లాంతర్ల దగ్గర బస్సు దిగి, కోట గోడ పక్కనుంచి ఆ చిన్న కల్యాణ మండపానికి నడిచేటప్పుడు చేతిలో సంచీని పేపరుతో కప్పుకున్నాను. లోపల నలభై ముగ్గురు. అందులో మగవాళ్ళు పదహారు మంది! ఒకాయన పోలీసు. ఆయన తల ఊపే బొమ్మని ఒళ్ళో పెట్టుకుని టిఫిన్ తింటున్నాడు. నా సంచీ మీద పేపరు తీసేశాను.

పద్ధతంతా అమెరికాలో ఉంటున్న మన గుంపు సభ్యురాలు చెప్పగా పెట్టుకున్నదట. అక్కడ బొమ్మల క్లబ్బులన్నీ కలిసి 1949లోనే ఒక సమాఖ్య పెట్టుకున్నాయి, ఏటా మహాసభ జరుపుకుంటాయి. బార్బీ వాళ్ళకి 1980 నుంచి విడిగా ఇంకోటి ఉంది. అమ్మకాల గది ఒకటి, పోటీకి పెట్టిన బొమ్మల గది ఒకటి, నెగ్గిన బొమ్మకి నీలం రిబ్బను, వచ్చినవాళ్ళకి గుర్తుగా ఒక బొమ్మ, భోజనాల బల్ల మీద చిన్న చిన్న కానుకలు. మన దగ్గర రిబ్బను బదులు జరీ అంచు ముక్క. గుర్తుగా తలా ఒక లక్కపిడత. భోజనాల్లో పులిహోర, గుమ్మడికాయ దప్పళం. దీని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఢిల్లీలో ఉద్యోగం చేసి వచ్చిన ఒక పెద్దాయన, కార్టూనిస్టు శంకర్ పెట్టిన బొమ్మల మ్యూజియం గురించి చెప్పారు. హంగరీ రాయబారి ఇచ్చిన ఒకే ఒక్క బొమ్మతో మొదలైన మోజు 1965 నాటికి మ్యూజియం అయింది. జపాన్‌లో సెండాయ్ ఊళ్ళో ఉంటున్న అమ్మాయి ఫోన్లోంచి మాట్లాడింది. అక్కడ కొకేషి అని లేత్ మీద తిప్పే కర్ర బొమ్మలున్నాయట. చూపిస్తే సగం మంది "ఏటికొప్పాక!" అని అరిచారు. 1927లో అమెరికా పిల్లలు జపాన్ పిల్లలకి స్నేహం కోసం 12,739 బొమ్మలు పంపితే, వాళ్ళు తిరిగి 58 పెద్ద బొమ్మలు పంపిన కథ కూడా ఆ అమ్మాయే చెప్పింది. తర్వాత యుద్ధం వచ్చి జపాన్‌లో ఉన్న ఆ అమెరికా బొమ్మల్లో చాలావాటిని శత్రువుల బొమ్మలని తగలబెట్టారట. కొందరు టీచర్లు మాత్రం ప్రాణానికి తెగించి దాచారట. ఆ మాట దగ్గర హాల్లో ఎవరూ మాట్లాడలేదు.

నా సంచీలో ఉన్నది అమ్మ కొండపల్లి దశావతారాలు. పది కావు, తొమ్మిది. కూర్మం నిర్మల్ మాస్టారి "బాగవదు" జాబితాలో పోయింది. బల్ల మీద వరసగా పెట్టి రెండోచోట ఖాళీ వదిలాను. మధ్యాహ్నం టీ తాగి వచ్చేసరికి ఆ ఖాళీలో ఒక కూర్మం కూర్చుని ఉంది. రంగు వేరు, పనివాడి చెయ్యి వేరు, సైజైతే మిగతా వాటికి ఒకటిన్నర రెట్లు. "నా దగ్గర రెండున్నాయి, ఒకటి మీదగ్గరుండనీండి" అంది తంజావూరు అమ్మగారు, కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ. మొన్న భోగి నాడు పేరంటానికొచ్చిన పిల్లలు దాన్ని చూసి, "ఈ తాబేలు పందిని మింగేసేటట్టుందర్రా" అని ఒకటే నవ్వు. మింగితే మింగనీ. సరిపడే సైజుది వెతికి పెడతామని ముగ్గురన్నారు. వద్దండీ. అదే ఉంటుంది.

మూడో మెట్టు మీద ఈ ఏడాది ఒక బార్బీ ఉంది. మా అమ్మాయిదే. దానికి పొందూరు సన్న ఖద్దరు చీర. వాలుగ చేప దవడతో ఏకిన పత్తి నుంచి నేసిన గుడ్డ ఎంత పల్చగా ఉంటుందో తెలుసుగా, జానెడు బొమ్మకి కూడా కుచ్చిళ్ళు కుదిరాయి. రుమాలంత ముక్కకి అంచు మడిచి కుట్టింది మా ఆవిడ. కుడుతూ, "జూన్‌లో ఏటన్నారు తమరు?" అని అడిగింది. జవాబు చెప్పలేదు.

ఇంకా చెప్పాల్సినవాళ్ళున్నారు. వస కొమ్ము, వేపాకు పొట్లాలు పంపిన సాలూరు తమ్ముడు. వినాయకుడి తొండం మూడు సార్లు విరిగినా నాలుగోసారి నిలబెట్టిన బొబ్బిలి అన్నయ్య (వీణలు చేసే ఊరివాడు కదా, చేతిలో ఆ పొందిక ఉంది). డబ్బు పంపుతామని అడిగి, వద్దంటే నొచ్చుకోని పదకొండు మంది. అడ్డదిడ్డంగా నా కొట్టు చుట్టూ బొమ్మలు ఆరబెట్టుకోనిచ్చి, గిరాకీలకి తనే సమాధానం చెప్పిన పక్క టైరు షాపు బాబాయి. ఆయనకి బొమ్మలంటే ఏమీ లేదు, "పిచ్చి" అని మొహం మీదే అన్నాడు. అయినా వాన వచ్చిన ప్రతిసారీ తన టార్పాలిన్ తెచ్చి కప్పాడు.

ఒకరి పేరు మాత్రం తెలియాలి. నవంబరులో ఒక పార్శిల్ వచ్చింది. పంపినవాళ్ళ పేరు లేదు. లోపల రంపం పొట్టులో పొదిగి, కల్లు గీసే గీత కార్మికుడు, తాటిచెట్టు, కింద కుండ. అమ్మ కొలువులో అచ్చం అలాంటిదే ఉండేది, అదీ పోయింది. దాని ఫొటో నేను గుంపులో ఎప్పుడూ పెట్టలేదు. అంటే అమ్మ ఉన్న రోజుల్లో మా ఇంటికి పేరంటానికొచ్చి చూసినవాళ్ళెవరో అయ్యుండాలి. మీరు ఇది చదువుతుంటే ఒక్క మాట చెప్పండి. మీ అట్టపెట్టె పారెయ్యలేదు.

సెండాయ్ అమ్మాయి చెప్పింది, జపాన్‌లో మార్చి 3న మెట్ల మీద పెట్టిన బొమ్మల్ని, పండగ అయ్యాక పొడిగా ఉన్న రోజు చూసుకునే సర్దుతారట, లేకపోతే పెట్టెలోకి తేమ కూడా వెళ్తుందని. ఇవాళ శ్రీకాకుళంలో పొద్దుట్నుంచీ మబ్బు. మరపాచి జంట ఒక్కటే పడుకుంది, మిగతావన్నీ మెట్ల మీదే నిలబడి ఉన్నాయి. ఎండ కాసేదాకా తియ్యను. ఈలోగా ఇటు ఎవరైనా వచ్చేపనుంటే ఇంటికి రండి, శనగలు ఇంకా ఉన్నాయి.